ఉప్పుటేటి పడవలో మంచినీళ్లు

ఇన్నేళ్ల నా పనిలో జనం నన్ను పిలిచింది ఒక్కందుకే, నీళ్లు రావడం లేదని. అనంతపురం జిల్లాలో బోరు మోటార్లు బాగుచేసేవాడికి ఇంకో రకం పిలుపు ఉండదు. అలాంటి నాకు మొట్టమొదటిసారి ‘నీళ్లు వస్తున్నాయి, వచ్చి ఆపండి’ అని ఫోనొచ్చింది. అదీ కోనసీమ నుంచి. చేసింది మా వియ్యంకుడు సత్యనారాయణగారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నాకు అనుమానం రావడం పెద్ద విశేషమేమీ కాదు. పాలల్లో నీళ్లు కలిశాయా అని అందరూ చూస్తారు, ఈయన గేదె మొహం కూడా చూస్తాడు అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. కానీ ఆలోచించండి. మా అమ్మాయి, వాళ్ల అబ్బాయి బెంగళూరులో ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి తర్వాత వియ్యంకుడూ నేనూ పండగలకు ఫోనులో పలకరించుకోవడమే కానీ ఇంటికి రాకపోకలు లేవు. గోదావరి పాయల మధ్య పడవలకు కరువా, వాటిని చూసేవాళ్లకు కరువా? చెరువులో పడవ తిరిగి ఎన్నేళ్లయిందో గుర్తులేని ఊరినుంచి నన్నే ఎందుకు రమ్మన్నట్టు?

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయనకు ఒక జెట్ బోటు ఉంది. దానికి మామూలు మోటారు పడవల్లా అడుగున తిరిగే రెక్కలు బయటకు ఉండవు. పొట్ట కింద ఒక నోరు, దానికి జాలీ ఉంటాయి. ఇంజను ఆ నోటితో ఏటి నీళ్లు పీల్చి వెనకనుంచి చిమ్మితే ఆ ఊపుకు బోటు ఉరుకుతుంది. మోకాల్లోతు నీళ్లలో కూడా పోతుంది కాబట్టి కాట్రేనికోన వైపు మడ అడవుల పాయల్లో, నది సముద్రంలో కలిసే మొగ దాకా యాత్రికుల్ని తిప్పడానికి సెకండ్ హ్యాండులో కొన్నారు. నడిపేది నూకరాజు. ఈమధ్య ఒకరోజు జనంతో వెళ్తుండగా బోటు అడుగున నీళ్లు నిండిపోయాయి. ఆ నీళ్లు తోడిపోసే చిన్న పంపు, బిల్జి పంపంటారు దాన్ని, పనిచేయలేదు. నూకరాజు బోటును ఇసక మేటమీదికి ఎక్కించి అందర్నీ దింపాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

“వాడి నిర్లక్ష్యవే బావగారూ. పన్లోంచి తీసేద్దావంటే వాళ్ల ఊరి పెద్దలు ఒప్పుకోవట్లేదండి. తప్పు వాడిదేనని బయటి మనిషి ఎవరైనా తేల్చాలంటున్నారు. లేకపోతే ఆ ఊరోళ్లెవరూ మన బోటెక్కరట. మీరు పంపులు తెల్సిన మనిషి కదా! ఒక్కసారి అలా వచ్చి చూసి, ఒక్క మాట చెప్తే చాలండి.”

పడవ ముంచాడన్న పేరు ఒకసారి పడితే ఆ తీరంలో ఇంకెవరూ వాడి చేతికి పడవ ఇవ్వరట. అంటే నేను చెప్పబోయే ఆ ఒక్క మాట మీద ఒక మనిషి బతుకు ఉంది. సంచిలో స్పానర్లు, టెస్టరు సర్దుకుని బయల్దేరాను.

కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి ఎక్కిన బస్సు కొత్తపేటలో కాసేపు ఆగింది. బొండాలబండి దగ్గరికి వెళ్లాను. మా ఊళ్లో అరవై పెట్టి కొనే బొండం ఇక్కడ ముప్పై. ఇంత తక్కువెందుకా అని కాయ తిప్పి తిప్పి చూశాను. బండి ఆయన నవ్వి, “లేతది కావాలాండీ, మీగడున్నదాండీ?” అనడిగి, తాగాక కాయ పగలగొట్టి, దాని డొప్పతోనే చెంచా చెక్కి మీగడ గీకి ఇచ్చాడు. ఇంకో కాయ కొట్టబోతుంటే వద్దన్నాను. “పర్లేదు పుచ్చుకోండి, దీనికివ్వక్కర్లేదు, ఎండనపడొచ్చేరు” అన్నాడు. ఊరికే ఇచ్చేవాణ్ని నేను నమ్మను. డబ్బులు బండిమీద పెట్టి వచ్చేశాను.

బస్సులో నా పక్కన ఒడిలో అరటి పిలకల మూట పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఏ ఊరు, ఎవరింటికి, ఏం పని అని ఆరా తీసింది. మా వైపు ఇన్ని ప్రశ్నలు పోలీసులు కూడా అడగరు. సత్యనారాయణగారి వియ్యంకుణ్నని చెప్పగానే, “ఓహో! బోటు చూడ్డానికాండీ?” అంది. నేను బోటు మాట ఎత్తనేలేదు.

“నీకెట్ల తెలుసమ్మా?”

“అందరికీ తెల్సిందేనండి. మా అమ్మాయినిచ్చింది ఆ బోటున్న ఊరేనండి. నూకరాజు మంచోడేనండి పాపం…” అని ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆపేసింది. ఆ తర్వాత అమలాపురం వచ్చేదాకా అరటి చెట్లకు వచ్చే తెగులు గురించి మాత్రమే మాట్లాడింది.

అమలాపురం

వియ్యంకుడి ఇంట్లో మర్యాద సంగతి చెప్పాలి. గుమ్మంలోనే కాళ్లకు నీళ్లు, తుడుచుకోవడానికి కొత్త తువ్వాలు. స్నానానికి వేణ్ణీళ్లు పెట్టి, చాలా చల్లారాయా అని తలుపు బయటినుంచి రెండుసార్లు అడిగారు. భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొబ్బరి మామిడికాయ పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగు. మేము టెంకాయ అంటాం, వీళ్లు కొబ్బరికాయ అంటారు. మేము ఉగాదికి ఒకటి కొడతాం, వీళ్లు పూటకొకటి తింటారు. రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి మీద పెరిగిన కడుపు నాది. నాలుగోసారి అన్నం వడ్డించబోతే ఆకుమీద చేతులు అడ్డం పెట్టాను.

“అయ్యో అన్నయ్యగారూ, ఏం తిన్నారని! మా కోడలు చూస్తే ఏవనుకుంటదండీ?” అంది మా వియ్యపురాలు. ఆవిడది మంచి మనసు, ఆ ఇంట్లో నాకు అనుమానం రాని మనిషి ఆవిడొక్కతే.

భోజనమయ్యాక సత్యనారాయణగారు నా పక్కన పడక్కుర్చీ వేయించుకున్నారు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, మాట పూతరేకులా కరిగిపోతుంది.

“మీరేవీ కష్టపడొద్దు బావగారూ. ఇంజను మూత అదీ ఎత్తక్కర్లేదు. పంపొకటి చూసి, మెయింటినెన్సు లేదని చెప్పేరంటే సరిపోద్ది.”

“చూడకముందే మెయింటినెన్సు లేదని ఎట్ల చెప్పేది బావగారూ?”

“ఆయ్, చూసేకేనండి. చూసేకే.”

నేను వచ్చిందే చూడటానికైతే మూతెందుకు ఎత్తకూడదు? ఆ మధ్యాహ్నం మెత్తటి పరుపు, రెండు దిళ్లు ఉన్నా నాకు కునుకు పట్టలేదు. నూకరాజు గట్టివాడై ఉంటాడు, యజమానిని కూడా భయపెట్టి ఉంటాడు, అందుకే ఈయన ఇంత మెత్తగా మాట్లాడుతున్నాడు అని ఒక కథ అల్లుకున్నాను. అనుమానం ఉన్నవాడికి కథలకు లోటుండదు.

కాట్రేనికోన దాటాక

మర్నాడు పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని బావగారి కారులో బయల్దేరాం. కాట్రేనికోన దాటాక కొబ్బరితోటలు పలచబడి రెండువైపులా రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువు నిండా నీళ్లున్నా, ఆ నీళ్లను ఇంకా చిలుకుతూ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. మా రైతులు చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

బోటు ఉప్పుటేటి రేవులో ఉంది. నీలిరంగు కొత్తగా మెరుస్తోంది. పక్కన నూకరాజు నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాడు, సన్నటి మనిషి, ఎండకు కమిలిన మొహం. దణ్ణం పెట్టాడు కానీ కళ్లు నావైపు తిప్పలేదు. బావగారు అతన్ని పలకరించలేదు.

“మూత ఎత్తు” అన్నాను. బావగారు ఎండ ఎక్కువగా ఉందని గొడుగు కిందికి వెళ్లారు.

ఇంజను కింద జానెడు నీళ్లు. బిల్జి పంపుకు ఒక తేలే బెండు ఉంటుంది. నీళ్లు పెరిగితే బెండు లేచి పంపు దానంతటదే ఆడాలి. ఆ బెండును ఎవరో నైలాను దారంతో కదలకుండా కట్టేశారు. దొంగ దొరికాడనుకున్నాను.

“ఎవరు కట్టిందప్పా ఇది?”

“నేనేనండి. రేవులో ఉన్నంతసేపూ అదేపనిగా ఆడతందండి పంపు. బేటరీ దిగిపోతందండి. బయల్దేరేముందు విప్పుతానండి.”

“ఆ రోజు విప్పినావా?”

“విప్పేనండి.”

“మరి పంపెందుకు ఆడలేదు?”

నూకరాజు నేలచూపులు చూశాడు. పంపు విప్పి అడుగున ఉండే జల్లెడ తీశాను. దాని నిండా ఆకులు, చిన్నవి, సన్నవి, రంపపు అంచువి. నలిపి వాసన చూస్తే వేపాకు. రేవు చుట్టుపక్కల మడ చెట్లు తప్ప వేపచెట్టన్నది లేదు. మూసి ఉన్న ఇంజను కిందికి వేపాకు నడిచిరాదు కదా!

ఇక్కడ మా వాళ్ల అలవాటొకటి చెప్పాలి. బోరులో నీళ్లు పడ్డాయంటే మేము మొదట చేసేది, దోసిట్లో పట్టి రుచి చూడటం. ఉప్పా, చప్పా, సౌడా అన్నది అప్పుడే తేలాలి. చెయ్యి ఊరుకోక బోటు అడుగు నీళ్లు కూడా నాలిక్కి రాసుకున్నాను. కొంచెం చేదు, కొంచెం మట్టి. ఉప్పు మాత్రం నాలిక్కి అందీ అందనంత. వంగి ఏటి నీళ్లు రుచి చూశాను, నాలిక మడతపడేంత ఉప్పు.

ఉప్పుటేటిలో నిలబడ్డ పడవలోకి మంచినీళ్లు కారడమేంటి? పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎవరో మంచినీళ్లు మోసుకొచ్చి మరీ ఇందులో పోస్తున్నారు. వేపాకు వేసి పంపు నోరు మూస్తున్నారు.

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే ఉండి చూస్తానన్నాను. బావగారి మొహం కాస్త చిన్నబోయింది. “ఇక్కడేం సౌకర్యాలుంటాయండీ, దోమలు తినేస్తాయ్” అన్నారు. నేను వినలేదు. టికెట్లిచ్చే రేకుల షెడ్డులో మంచం వేయించుకున్నాను.

భోజనం నూకరాజు ఇంట్లోనే. వాళ్లమ్మ సత్తెమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. మా వైపు పులుసు కారంతో మాట్లాడుతుంది, ఇది పులుపుతో మాట్లాడింది. నిజం చెప్పొద్దూ, గిన్నె నాకినంత పనిచేశాను.

“మీ ఊళ్లో చేపలుంటాయాండీ?” అనడిగిందావిడ.

“చెరువులో నీళ్లున్న ఏడు ఉంటాయమ్మా. ఆ ఏడు మా ఊరి పేరు పేపర్లో వస్తుంది.”

ఆవిడ నవ్వలేదు. వడ్డించడం ఆపి, “మావోడి పని ఉంటదాండీ బాబూ?” అంది. “ఇది పోతే ఇంకెవరూ ఎక్కించుకోరండి ఆణ్ని. పడవ తప్ప ఇంకోటి తెలీదండి.”

నూకరాజు “ఊరుకోమ్మా” అని కసిరాడు. ఆ కసురులో కోపం కంటే భయం ఎక్కువ వినపడింది. ఈ ఇంట్లో ఏదో దాస్తున్నారని ఖాయం చేసుకున్నాను.

వలల కుప్ప వెనక

తెలతెలవారుతుండగా లేచి రేవులో వలల కుప్ప వెనక నక్కి కూర్చున్నాను. కాకులు లేచాయి. కాసేపటికి చంకలో బిందెతో ఒక ఆకారం వచ్చింది. సత్తెమ్మ! చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బోటెక్కింది. ఇంజను మూత ఎత్తి, వేపరెబ్బలు వేసిన పసుపునీళ్లు వంచి మెల్లగా పోస్తూ ఏదో గొణుక్కుంటోంది.

ఒక్క ఉదుటున లేచాను. “దొరికినావమ్మా!”

“ష్, మెల్లిగా మాట్టాడండి. పిల్లోడు లేచిపోతాడు” అందావిడ, బిందె దించకుండా. పిల్లోడంటే నూకరాజే.

బిందె ఖాళీ అయ్యేదాకా పోసి, మూత వేసి, దణ్ణం పెట్టుకుని అప్పుడు దిగింది.

“ఏంటమ్మా ఈ పని?”

“వారు పోస్తన్నానండి. అమ్మోరికి పొయ్యరాండీ మీ ఊళ్లో? ఒళ్లు వేడెక్కితే పసుపునీళ్లు పోసి చల్లబరచాల కదండీ! మా ఆయనకి చెక్క నావుండేదండి. ఎండలో ఊరికే కడితే చెక్కలు విచ్చుకుంటాయని రోజూ లోపల నీళ్లు పోసేవోరండి. శుక్రారం పసుపు, వేపాకు. నావ ఆడకూతురండీ, దాన్నలా చూసుకోవాలి. ఆ నావ ఒక్కనాడు మోసం చెయ్యలేదండి మమ్మల్ని. మరీవిడ చూడండి, ఎంత అరుపు, ఎంత వేడి! ట్రిప్పు తిరిగొచ్చేక చెయ్యేస్తే కాలిపోద్దండి. ఆ కోపంతో మావోణ్ని మొగలోకి తీసుకుపోతంది. అందుకని రోజూ పోస్తన్నానండి.”

చెక్క నావకు ఆ నీళ్లు ప్రాణం. చెక్క నీళ్లు తాగి ఉబ్బి సందులు మూసుకుంటుంది. కానీ ఇది ఫైబరు బోటు. తాగదు, ఉబ్బదు. పోసిందంతా అడుగునే నిలుస్తుంది, వేపాకంతా పంపు నోట్లోకి పోతుంది. ఈ సంగతి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది. బిందె పట్టుకుని అక్కడే ఇసకలో కూలబడింది.

ఎప్పుడొచ్చాడో, నూకరాజు వెనక నిలబడి ఉన్నాడు.

“నీకు తెలుసా?” అనడిగాను.

“తెలుసండి. వద్దంటే నాకు తెలీకుండా పోస్తదండి. బోటు తిరిగినన్నాళ్లూ పొద్దున్నే నేనే తోడేసేవోణ్ని.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మా యమ్మ నీళ్లు పోసి బోటు ముంచిందని ఊళ్లో అంటే ఆవిడ బతకదండి. నా పని పోతే పోనీండి.”

అప్పుడు నాకు జాలి వేసిన మాట నిజమే, అంతకంటే ఎక్కువగా గర్వం వేసిన మాట కూడా నిజమే. ఒక్క రోజులో తేల్చేశాను! బావగారికి చెప్పడానికి ఫోను తీశాను. నూకరాజు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

“ఒక్క రోజాగండి. అమ్మ పొయ్యదండి. అప్పుడు నీళ్లెక్కుతాయో లేదో చూడండి. నాకెందుకో ఇవి పోసిన నీళ్లే కాదనిపిస్తందండి.”

ఇది కూడా ఏదో ఎత్తుగడేమో అనుకున్నాను. అయినా సరేనని జల్లెడ కడిగాను, నీళ్లన్నీ తోడించి, గుడ్డతో అద్ది అడుగంతా పొడిగా చేశాను. సత్తెమ్మ ఇంట్లోంచి ముగ్గుపిండి తెప్పించి ఇంజను కింద పలచగా జల్లాను. మూతకు మా ఊరి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఆ పగలంతా చేపలు ఎండబెట్టే వాళ్ల మధ్య తిరిగాను. సాయంత్రానికి నా చొక్కా వాసనకు ఒక పిల్లి నన్ను వెంబడించింది. వీపులో మాత్రం రేవువైపు రెండు కళ్లు పెట్టుకునే తిరిగాను.

పొద్దున తాళం తీశాను. ముగ్గుపిండి కొట్టుకుపోయింది. అడుగున నీళ్లు. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను.

ఉప్పు.

తాళం నాది, చెవి నా మొలలో ఉంది. అనుమానించడానికి రేవులో మనిషి మిగల్లేదు. సత్తెమ్మ దూరంగా నిలబడి, “నేను పొయ్యలేదండీ, గంగమ్మ తోడు” అని అరుస్తోంది. నీ మీద కాదమ్మా అన్నట్టు చెయ్యి ఊపాను.

ఇసక మీద

పడవ అడుగు చూడాలంటే మా ఊళ్లో అయితే క్రేను తెస్తాం. ఇక్కడ సముద్రమే ఆ పని చేస్తుంది. పోటు నీళ్లమీద రేవు జనం బోటును ఒడ్డుకు ఎంత ఎక్కితే అంత ఎక్కించి, కింద కొబ్బరి మొద్దులు దోపారు. ఆటుకు నీళ్లు వెనక్కి వెళ్లాక బోటు ఇసకమీద మొద్దుల మీద నిలబడిపోయింది. నేను వెల్లకిలా దాని కిందికి దూరాను. చొక్కాలోకి పీతపిల్ల ఒకటి దూరి కొంతసేపు నానా యాగీ చేసింది. అడుగంతా నీలిరంగు, నున్నగా, ఎక్కడా గీత లేదు.

అప్పుడు నాకొకటి తట్టింది. లోపలికి నీళ్లు వచ్చే దారిలోంచి బయటికి కూడా రావాలి కదా!

“సత్తెమ్మా, పొయ్యి!” అని అరిచాను.

“ఏటండీ?”

“వారు! పసుపు ఎక్కువ కలిపి పొయ్యి. వేపాకు మాత్రం వద్దు.”

ఆవిడ కొడుకు మొహం చూసింది. అతను తలాడించాడు. బిందెల మీద బిందెలు పోసింది. నేను కింద పడుకుని కళ్లార్పకుండా చూస్తున్నాను. నీళ్లు పీల్చే నోరుందని చెప్పానే, దాని జాలీ అంచున, నీలిరంగుమీద సన్నటి పచ్చగీత మొలిచింది. చూస్తుండగానే అది సాగి నా నుదుటిమీద చుక్క పడింది.

స్క్రూడ్రైవరుతో అక్కడ గోకాను. కొత్త రంగు పెచ్చుగా లేచింది. దాని కింద పుట్టీ. అది మెత్తగా, తడిసిన సున్నంలా ఊడి వచ్చింది. దాని కింద బోల్టు దగ్గర జానెడు పొడవున సన్నటి పగులు. రేవులో, నిశ్చలంగా ఉంటే చెమ్మలా కారేది, ఇంజను జోరుగా నీళ్లు పీల్చేటప్పుడు విచ్చుకుంటుంది. సత్తెమ్మ వేపాకు పంపు నోరు మూసింది, కాదనను. కానీ నీళ్లు వచ్చిన దారి ఆవిడది కాదు.

నూకరాజు కూడా కిందికి దూరి చూశాడు. పగులును వేలితో తడిమాడు.

“దీన్నెక్కి మొగ దాకా పోయేనండి, పిల్లల్నేసుకుని” అన్నాడు. “ఎవరండీ ఇలా చేసేరు?”

“రంగెక్కడ వేయించినారు?”

“రాజోలులోనండి. నేనప్పటికింకా పన్లో చేర్లేదండి.”

రాజోలు

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సులెక్కాం. అమలాపురం మీదుగా పోతూ కూడా బావగారింటికి కబురు పెట్టలేదు. మామిడికుదురు దాటాక నూకరాజు ఒక పొట్లం విప్పి, వాళ్లమ్మ ఇచ్చిన వేయించిన ఎండు రొయ్యలు నా చేతిలో పోశాడు. ఇద్దరం దారంతా నములుతూ కూర్చున్నాం కానీ మాట్లాడుకున్నది తక్కువ.

కాలువగట్టున ఫైబరు పనిచేసే రేకుల షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే జిగురు వాసన కళ్లు మండించింది. షెడ్డు ఆయన లుంగీ ఎగ్గట్టుకుని ఒక పడవ డొప్పకు గుడ్డ అతికిస్తున్నాడు. నేనెవరో చెప్పకుండా నీలిరంగు జెట్ బోటు సంగతి అడిగాను.

“సత్యనారాయణగారిదేనాండీ? ఏం, మళ్లీ కారతందా?” అని ఆయనే అన్నాడు. “ఆ రోజే చెప్పేనండీ. ఆ ముక్క మొత్తం కోసేసి మళ్లీ పొయ్యాలి, ఇది ఊరికే మూస్తే ఆగేది కాదని. సీజనొచ్చేసింది, ఇప్పటికి కనపడకుండా కానియ్యి, వానాకాలంలో చూద్దావన్నారండి. డబ్బులిచ్చేవోరి మాట కదండీ!”

నా పక్కన నూకరాజు ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అతను మెల్లగా “ఆయ్” అన్నాడు. అంతే. బయటికి వెళ్లి కాలువవైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, మళ్లీ అనుమానం కూడా వచ్చింది. ఈ షెడ్డు మనిషి మాట మాత్రం ఎందుకు నమ్మాలి? పని చెడగొట్టినవాడు నెపం యజమాని మీదికి నెట్టడం ఎన్ని మోటారు షాపుల్లో చూడలేదు! మా అమ్మాయి అడుగుపెట్టిన ఇల్లది. కాకూడదు, కాకూడదు అనుకుంటూనే బస్సెక్కాను.

మళ్లీ అమలాపురం

నూకరాజు ఇంట్లోకి రానన్నాడు. “మీరు చూసింది చెప్పండి చాలు. నన్ను అడగనీకండి” అని బస్టాండులోనే కాట్రేనికోన బస్సెక్కేశాడు.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. దిబ్బరొట్టె, చెరకు పానకం మొదట పెట్టారు. బావగారు అడిగారు, “ఏం తేలింది బావగారూ? వాడేనా?”

“కాదు. జాలీ దగ్గర పగులుంది. పుట్టీ పెట్టి రంగేసినారు. రాజోలు షెడ్డాయన మీకు ముందే చెప్పినానంటున్నాడు.”

బావగారు నవ్వారు. చెయ్యి కూడా ఆగలేదు. “ఆ షెడ్డోడా! వాడి మాట పట్టించుకుంటారేంటండీ. ఒట్టి తాగుబోతు. పొద్దున చెప్పింది సాయంత్రం గుర్తుండదు. అసలు ఆ పగులు ఇసకలోకి ఎక్కించినప్పుడు వచ్చిందేనండి, వాడి నిర్వాకమే. రేపు పెద్దల దగ్గర అదే చెప్దాం. అమ్మాయి అత్తారి మాట కదండీ, మీరు కాదంటారా?”

ఆ చివరి మాట నాకు పొడుచుకుంది. అయినా తడబడ్డాను. ఇసకలోకి ఎక్కించినప్పుడు వచ్చిన పగులు మీద పాత పుట్టీ ఎలా ఉంటుందని అడగాలి. అడిగితే ఇంకో కథ చెబుతారు. దాని మీద ఇంకోటి. ఆయన మాట మీద నా మాట, మధ్యలో మా అమ్మాయి.

వియ్యపురాలు నెయ్యి గిన్నెతో వచ్చింది. ఏదో బోటు మాట వినపడి, ఉన్న మాట అనేసింది పాపం.

“ఆ బోటు సంగతి నాకు మొదట్నుంచీ మంచిగా అనిపించలేదన్నయ్యగారూ. కొత్తలో మన పిల్లలొచ్చేరు కదండీ! ఎక్కుతానని మీ అమ్మాయి ఎంత గొడవ చేసిందో. ఈయన ససేమిరా అన్నారండి. కోడలు చిన్నబుచ్చుకుందని నేను కూడా దెబ్బలాడేను. అయినా సరే, మనింట్లోవాళ్లెవరూ దాంట్లో కాలు పెట్టడానికి వీల్లేదన్నారు.”

ఈసారి బావగారి చెయ్యి ఆగింది.

వియ్యపురాలు ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. నెయ్యి గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిడకు అర్థమయ్యేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “అంటే మీకు తెలుసాండీ?” అంది.

మా అమ్మాయి ఆ పగులు మీద కూర్చోలేదు. అందుకు కారణం నా ఎదురుగా కూర్చున్న ఈ మనిషే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“నా బిడ్డను కాపాడినారు బావగారూ. అందుకు మీకు దణ్ణం పెడతాను” అన్నాను. “నూకరాజుకు కూడా అమ్మ ఉంది. ఆ రోజు ఎక్కిన వాళ్లందరికీ ఉంటారు. రేపు పెద్దల దగ్గరికి నేను పోతా, చూసింది చెబుతా. అమ్మాయి ఏమనుకున్నా సరే. అంతకుముందు మీరే ఆ ఇంటికి చెబితే బాగుంటుంది.”

బావగారు విస్తరిని పక్కకు జరిపారు. తర్వాత ఎడమచేత్తో జేబులోంచి ఫోను తీసి ముందు పెట్టుకున్నారు. కుడిచెయ్యి ఎంగిలి. వియ్యపురాలే నూకరాజు ఇంటి నంబరు నొక్కి స్పీకరు పెట్టింది.

ఎత్తింది సత్తెమ్మ. నూకరాజు ఇంకా ఇల్లు చేరలేదట.

“సత్తెమ్మా, నేను, సత్యనారాయణని. మీవాణ్ని తీసెయ్యట్లేదు. బోటు అడుగు కోయించి బాగుచేయిస్తాను. అందాకా జీతం నడుస్తది.” గొంతు సవరించుకున్నారు. “తప్పు వాడిది కాదు. నీది కూడా కాదు. ఆ పగులు ముందునుంచీ ఉంది.”

అవతల కాకులరుస్తున్నాయి.

“సంతోషవండి బాబూ” అంది చివరికి. తర్వాత మామూలు గొంతుతోనే అడిగింది, “మరి మావోడు దాన్ని మొగలోకి తీసుకెళ్లేటప్పుడు మీకు తెలుసాండీ?”

బావగారు ఫోను ఎత్తి, మీరు మాట్లాడండి అన్నట్టు నా చేతికి ఇవ్వబోయారు.

నేను పుచ్చుకోలేదు.